భజన మండలికి ట్యూనర్ కొంటున్నారా? ముందు ఇది చదవండి



ఈసారి పోస్టు ఎరువుల గురించీ కాదు, పురుగు గురించీ కాదు. మన ఊళ్ళ భజన మండళ్ళ గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, హార్మోనియం, తబలా, తంబూరా శ్రుతి కలుపుకోవడానికి వాడే ట్యూనర్ అనే చిన్న యంత్రం గురించి. "మనకెందుకయ్యా అది, సినిమా వాళ్ళకి గానీ" అనుకోకండి. నాలుగైదు వందల్లో మంచిదే దొరుకుతుంది. ఏది కొనాలో తెలియకపోతే ఆ డబ్బు కూడా దండగే. పాట రాని వాళ్ళు కూడా చదవొచ్చు. ఇందులో ఉన్న లెక్కంతా మనకి తెలిసిన సెంట్ల లెక్కే.

ముందు ఇది మా ఊరికి ఎందుకు వచ్చిందో చెప్తాను. మా రామాలయం మండలిలో హార్మోనియం వాయించేది మా పెదమామ. డెబ్బై దాటాయి. తబలా మా బాబాయి. పోయిన ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగున్నరకి భజన మొదలవ్వగానే రోజూ ఒకటే గొడవ. బాబాయి అంటాడు, "బావా, నీ పెట్టె ఎక్కిపోయింది". మామ అంటాడు, "పెట్టె ఎక్కడికి ఎక్కుతుందిరా, నీ తబలా దిగిపోయింది". నాలుగో రోజు బాబాయి నోరు జారాడు. "నీకు చెవి మందగించింది బావా, ఇంక ఒప్పుకో" అన్నాడు. మామ ఏమీ అనలేదు. పెట్టె మూసి ఇంటికెళ్ళిపోయాడు. మూడు రోజులు గుడికి రాలేదు.

మీకు తెలుసు, ఊళ్ళో హార్మోనియం తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారో. మాకు ఆయన ఒక్కడే. కుర్రాళ్ళు ఇద్దరు నేర్చుకుంటున్నారు గానీ ఇంకా సరళీ స్వరాల దగ్గరే ఉన్నారు. ఆయన మానేస్తే మండలి మూతబడినట్టే. ముప్ఫై ఏళ్ళుగా నడుస్తున్న భజన ఒక్క మాట మీద ఆగిపోయేలా ఉంది. అప్పుడు తెప్పించాం ఈ ట్యూనర్ని.

ఇది చేసే పని చిన్నదే. ఒక స్వరం మోగిస్తే ఆ మోత సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తోందో కొలుస్తుంది. అది ఏ మెట్టుకి దగ్గరగా ఉందో అక్షరం చూపిస్తుంది. ఎంత ఎక్కువో ఎంత తక్కువో ముల్లుతోనో లైట్లతోనో చెప్తుంది. ఆ ఎక్కువ తక్కువల కొలత పేరేమిటో తెలుసా? సెంట్లు! హార్మోనియం మీద ఒక మెట్టుకీ దాని పక్క మెట్టుకీ మధ్య దూరం, తెల్లదీ నల్లదీ అన్నీ లెక్కేస్తే, సరిగ్గా 100 సెంట్లు. మన ఎకరం లెక్కే అనుకోండి. తెలంగాణ మిత్రులు గుంటల్లో కొలుస్తారు, వాళ్ళు ఈ ఒక్కదానికి మా లెక్కలోకి రావాలి. కింది స నుంచి పై స దాకా 12 మెట్ల దూరం, అంటే 12 ఎకరాలు, 1200 సెంట్లు. ముల్లు నడిమధ్యన ఉంటే గట్టు మీద ఉన్నట్టు. ఎడమకి వాలితే స్వరం దిగింది, కుడికి వాలితే ఎక్కింది. అయిదారు సెంట్ల తేడా మామూలు చెవికి పెద్దగా తెలియదు. ఇరవై ముప్ఫై సెంట్లు దాటితే మాత్రం పాట తెలియని వాడికి కూడా ఏదో ఇబ్బందిగా అనిపిస్తుంది.

ఆ సాయంత్రం బాబాయి ఇంట్లో తబలా కొలిచాం. పొడిగా, వెచ్చగా ఉన్న గది. హార్మోనియం స మెట్టుతో అచ్చంగా కలిసింది. అదే తబలా మర్నాడు తెల్లవారుజామున గుడి మండపంలో అరగంట ఉంచి కొలిచాం. ముప్ఫై సెంట్ల దాకా దిగిపోయింది. హార్మోనియం ఉన్నచోటే ఉంది. కారణం మనకి తెలియనిది కాదు. చర్మం మంచుకి తేమ పీల్చుకుని వదులవుతుంది, వదులైతే స్వరం దిగుతుంది. డప్పు కొట్టేవాళ్ళు గడ్డి మంట మీద కాగబెట్టేది అందుకే కదా. హార్మోనియంలో మోగేది ఇత్తడి రీడు. దానికి మంచు అంతగా పట్టదు. కాబట్టి బాబాయి రాత్రి చేసిన శ్రుతీ సరైనదే, మామ చెవీ సరైనదే. తప్పు మంచుది. ఆ మాట నేను చెప్పినా, ఊరి పెద్దలు చెప్పినా ఇద్దరూ వినేవాళ్ళు కాదు. ముల్లు చెప్తే విన్నారు. బాబాయే వెళ్ళి మామ పెట్టె భుజాన వేసుకుని గుడికి తెచ్చాడు. ఇప్పుడు మండపంలో పావుగంట ఉంచాకే తబలా శ్రుతి చేస్తాడు.

సరే, ఇక కొనే సంగతి.

ట్యూనర్లు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి ఫోనులో వేసుకునే యాప్. ఉచితంగానే దొరుకుతాయి. ఇంట్లో నిశ్శబ్దంగా కూర్చుని నేర్చుకునే పిల్లలకి ఇది చాలు, వేరే కొనక్కర్లేదు. కానీ గుళ్ళో పది మంది మాట్లాడుతుంటే, పక్కన తాళాలు మోగుతుంటే ఫోను మైకు అన్నీ కలిపి పట్టుకుంటుంది. ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగుతుంది.

రెండోది క్లిప్పు రకం. బట్టల క్లిప్పులాగా వాద్యానికి తగిలిస్తాం. గాలిలో శబ్దాన్ని కాకుండా కర్రలోంచి వచ్చే కంపనాన్ని పట్టుకుంటుంది. అందుకే పక్కన ఎంత గోల ఉన్నా దానికి పట్టదు. తంబూరా, వయొలిన్, మాండలిన్, గిటార్ లాంటి తీగ వాద్యాలకి దీన్ని మించింది లేదు. మామూలువి మూడు నాలుగు వందల నుంచి ఉంటాయి.

మూడోది చేతిలో పెట్టుకునే పెట్టె రకం. చిన్న రేడియోలా ఉంటుంది, లోపల మైకు ఉంటుంది. కార్గ్ కంపెనీ సీఏ-2 లాంటివి ఈ కోవలోవి. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లులు రెండు వేస్తే చాలు. హార్మోనియం, తబలా, పిల్లనగ్రోవి వీటికి మైకు రకమే కావాలి, ఎందుకంటే క్లిప్పు తగిలించే చోటు వాటికి సరిగ్గా ఉండదు. ధర క్లిప్పు కన్నా ఎక్కువ.

మన మండళ్ళకి మధ్యేమార్గం ఒకటుంది. క్లిప్పూ మైకూ రెండూ ఉన్న ట్యూనర్. పక్కన చిన్న మీట ఉంటుంది, కావలసినట్టు మార్చుకోవచ్చు. మేం తీసుకున్నది అదే, 450 రూపాయలు పడింది. తొమ్మిది మందిమి తలా యాభై వేసుకున్నాం.

కొనేటప్పుడు నాలుగు చూడండి.

ఒకటి, అది క్రోమాటిక్ అయి ఉండాలి. అంటే 12 మెట్లూ చూపించాలి. కొన్ని చవక రకాలు గిటార్‌కి మాత్రమే చేసినవి. గిటార్ తీగలు ఆరూ పలికే స్వరాలు తప్ప వేరేవి చూపించవు. మన శ్రుతి ఒకటిన్నర అయితే అవి ఎందుకూ పనికిరావు. పెట్టె మీద క్రోమాటిక్ అన్న మాట లేకపోతే వదిలేయండి.

రెండు, కాలిబ్రేషన్ మార్చే బటన్ ఉండాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, దీని గురించి కింద వివరంగా చెప్తాను. కనీసం 430 నుంచి 450 దాకా మార్చగలగాలి.

మూడు, తెర వెనక లైటు ఉండాలి. మన భజనలు తెల్లవారుజామునో రాత్రో కదా. లైటు లేని తెర చీకట్లో కనపడదు.

నాలుగు, సెల్లు మన దగ్గర దొరికేదై ఉండాలి. క్లిప్పు రకాల్లో ఎక్కువగా సీఆర్ 2032 అనే బిళ్ళ సెల్లు వస్తుంది. గడియారాలు బాగుచేసే కొట్టులో అడిగితే ఇస్తారు. వాడని రోజుల్లో సెల్లు తీసి పక్కన పెట్టండి, ఎక్కువ కాలం వస్తుంది. బిళ్ళ సెల్లు చిన్నపిల్లలకి అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

తెర మీద వచ్చేవి ఇంగ్లీషు అక్షరాలు. మనం ఒకటి, ఒకటిన్నర, రెండు అని లెక్కేస్తాం. రెండిటికీ పొత్తు ఇలా చూసుకోండి. ఒకటి అంటే సి. రెండు డి. మూడు ఇ. నాలుగు ఎఫ్. ఐదు జి. ఆరు ఎ. ఏడు బి. ఇవన్నీ తెల్ల మెట్లు. ఒకటిన్నర సి షార్ప్, రెండున్నర డి షార్ప్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదున్నర జి షార్ప్, ఆరున్నర ఎ షార్ప్. ఇవి నల్ల మెట్లు. షార్ప్ అంటే అక్షరం పక్కన చిన్న గళ్ళ గుర్తు వస్తుంది. కొన్ని ట్యూనర్లు సి షార్ప్ బదులు డి ఫ్లాట్ అని చూపిస్తాయి. కంగారు పడకండి, అదీ ఇదీ ఒకటే మెట్టు. ఈ వరసని ఒక అట్టముక్క మీద రాసి హార్మోనియం మూతకి లోపల అంటించండి.

ఇప్పుడు కాలిబ్రేషన్ సంగతి. ట్యూనర్ని కొత్తగా ఆన్ చేస్తే 440 అని చూపిస్తుంది. ఆరో తెల్ల మెట్టు, అంటే ఎ, సెకనుకి 440 సార్లు కంపించాలని దాని అర్థం. 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో ఈ అంకెని సిఫారసు చేశారు, 1975లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. కంపెనీలు చేసే కీబోర్డులు, ఫోనులో తంబూరా యాప్‌లు అన్నీ మామూలుగా దీని మీదే ఉంటాయి.

కానీ మన గుళ్ళో ఉన్న పాత హార్మోనియానికి ఆ సంగతి తెలియదు కదా! చేసిన మేస్త్రి ఏ పెట్టెని చూసి శ్రుతి కలిపాడో, తర్వాత ఎంతమంది రీడ్లు గీకారో. మా పెట్టెలో ఆరో మెట్టు 444 దగ్గరుంది. ఇలాంటి చోట 440కి పెట్టిన ట్యూనర్‌తో తంబూరాని శ్రుతి చేస్తే తంబూరా ట్యూనర్‌తో కలుస్తుంది, హార్మోనియంతో కలవదు. ఈ అంకె ఒక్కటి మారితే సుమారు 4 సెంట్ల తేడా. 4 అంకెలంటే దాదాపు 16 సెంట్లు. అందరూ సరిగ్గా శ్రుతి చేసుకున్నా కూర్చుని వాయిస్తే అపశ్రుతే. అప్పుడు యంత్రాన్ని తిట్టి మూలన పడేస్తాం.

హార్మోనియం రీడ్లని రోజూ మార్చలేం, తీగని తిప్పగలం. కదలని దానికి కదిలేది సర్దుకోవాలి. అందుకని ముందు ట్యూనర్ని మైకు మీద పెట్టి హార్మోనియం పక్కన ఉంచండి. ఒక్క స్టాపే లాగండి, రెండు వరసల రీడ్లు మోగితే ముల్లు తడబడుతుంది. ఆరో తెల్ల మెట్టు నొక్కి గాలి ఒకే ఒత్తిడితో ఇవ్వండి. గట్టిగా పంపు కొడితే రీడు కొంచెం దిగుతుంది, అందుకే నింపాదిగా. ముల్లు నడిమధ్యకి వచ్చేదాకా కాలిబ్రేషన్ బటన్ నొక్కుతూ పోండి. వచ్చిన అంకెని అట్టముక్క మీదే రాసుకోండి. మా పెట్టె మీద "444" అని సున్నంతో రాశాం. ఇక మిగతా వాద్యాలన్నీ ఆ అంకె మీదే. ఫోను తంబూరా వాడితే అందులో కూడా ఫైన్ ట్యూన్ ఉంటుంది, దాన్నీ కలపండి.

ఒక్కో వాద్యం దగ్గర ఒక్కో మెళకువ ఉంది. తంబూరాకి బ్రిడ్జి మీద తీగల కింద పెట్టే నూలు దారం ఉంటుంది కదా, ముందు దాన్ని పక్కకి జరిపి శ్రుతి చేయండి. దారం ఉంటే ఝుమ్మనే నాదంలో పది స్వరాలు పలుకుతాయి, ట్యూనర్‌కి ఏది పట్టుకోవాలో తెలియదు. వయొలిన్ మన పద్ధతిలో స ప స ప. శ్రుతి ఒకటిన్నర అయితే సి షార్ప్, జి షార్ప్, మళ్ళీ సి షార్ప్, జి షార్ప్. తబలాకి మైకు మీద పెట్టి అంచు దగ్గర "నా" అని మోగే దెబ్బ కొట్టండి, తబలా తిప్పుకుంటూ చుట్టూ అదే మోత వస్తోందా చూడండి. దెబ్బ మోత క్షణంలో ఆగిపోతుంది కాబట్టి ముల్లు ఒక్కోసారి అందుకోలేదు. రెండు మూడు సార్లు కొట్టి చూడాలి. డోలక్ బోల్టులదైతే స్పానరుతో ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించండి, ట్రాక్టరు చక్రం నట్లు బిగించినట్టు. డప్పుకి ఇవేవీ అక్కర్లేదు, దానికి మంటే ట్యూనర్.

ఇంకో ఉపయోగం. పాత హార్మోనియం కొనేటప్పుడు ట్యూనర్ జేబులో పెట్టుకెళ్ళండి. ప్రతి మెట్టూ నొక్కి చూడండి. అన్ని మెట్లూ ఒకే తీరుగా పది సెంట్లు ఎక్కి ఉంటే భయం లేదు, అది పెట్టె స్వభావం. ఒక మెట్టు ఎక్కి, పక్కది దిగి, ఇంకోటి ముప్ఫై సెంట్లు పక్కకి పోయి ఉంటే ఆ పెట్టెకి రీడ్ల పని ఉంది. ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి. రీడ్లని మీరు మాత్రం గీకకండి. కొస దగ్గర గీకితే స్వరం ఎక్కుతుంది, మొదలు దగ్గర గీకితే దిగుతుంది, మాట నిజమే. చెయ్యి కాస్త ఎక్కువైతే రీడు విరుగుతుంది. అది మేస్త్రి పని.

చివరగా ఒక ముఖ్యమైన మాట. ట్యూనర్ వచ్చింది కదా అని చెవిని పక్కన పెట్టకండి. ట్యూనర్ 12 మెట్లనీ సమానంగా పంచుతుంది. పాటలో స్వరాలు అలా సమానంగా ఉండవు. స, ప వరకు ఫరవాలేదు, రెండు సెంట్ల తేడానే. కానీ తంబూరా నాదంలో సహజంగా పలికే అంతర గాంధారం ట్యూనర్ మెట్టు కన్నా సుమారు 14 సెంట్లు కిందుంటుంది. చెవికి హాయిగా ఉన్న గాంధారాన్ని ట్యూనర్ "తక్కువ" అంటుంది. అప్పుడు నమ్మాల్సింది చెవినే. కాబట్టి స, ప దీంతో పెట్టుకోండి, మిగతాది గురువు దగ్గర నేర్చుకోండి.

చెవికి సాధన కూడా ఉంది, పైసా ఖర్చు లేదు. రెండు వాద్యాలు ఒకే స్వరం కలిపి మోగించండి. దగ్గరగా ఉండి కలవకపోతే నాదం "వావ్ వావ్" అని అలలా ఊగుతుంది. 440, 444 కలిపితే సెకనుకి నాలుగు ఊపులు. తీగ బిగిస్తుంటే ఊపు నెమ్మదిస్తుంది, కలిసిపోగానే ఆగిపోతుంది. మా మామ కళ్ళు మూసుకుని చేసేది ఇదే. తంబూరా పంచమం ఆయన చెవితో కలిపాక మేం ట్యూనర్ పెట్టి చూస్తే ముల్లు నడిమధ్యన ఉంది. మా కుర్రాళ్ళు నోరు తెరిచారు.

వడ్లు ఎండాయో లేదో గింజ కొరికి చెప్పే పెద్దలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అయినా కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు పెట్టి 17 శాతం లోపు ఉందా లేదా చూస్తారు. మీటరు వచ్చిందని గింజ కొరకడం తెలిసినవాడు తక్కువైపోడు. కళ్ళంలో ఆరబోసినప్పుడు, మీటరు దగ్గర లేనప్పుడు ఆ పంటికే పని. ట్యూనర్ కూడా అంతే. పేచీ వచ్చినప్పుడు ఇద్దరూ ఒప్పుకునే అంకె చెప్తుంది. పెద్దాయన చెవి ఎంత గొప్పదో పిల్లలకి చూపిస్తుంది. పాట మాత్రం మనుషులు కలిసి కూర్చుంటేనే వస్తుంది.

కార్తీకం వచ్చేలోపు మీ మండలి పెట్టె ఏ అంకె దగ్గరుందో ఒకసారి కొలిచి చూడండి. అంకె ఎంత వచ్చిందో, మీ ఊళ్ళో ఏ శ్రుతిలో పాడతారో రాయండి. నాలాగే మిగతావాళ్ళకీ పనికొస్తుంది.